గోదావరి చేతి కట్టు

గోదావరితో నా అసలు పరిచయం చీవాట్లతో మొదలైంది. చక్కెర ఫ్యాక్టరీ టైమాఫీసులో ఇరవై రెండేళ్లు గుమాస్తాగా చేశాను. అది మూతపడ్డాక బోధన్ తహసీల్ ఆఫీసు గోడ పక్కన ఒక బల్ల వేసుకుని అర్జీలు రాస్తూ బతుకుతున్నాను. ఒకరోజు ఆమె వచ్చి బీడీ కార్మికుల సంఘం తరఫున అర్జీ రాయమంది. నా పాండిత్యమంతా ఒలకబోసి "నిరుపేదలమూ అబలలమూ అయిన మేము తమ పాదాలకు నమస్కరించి" అని మొదలుపెట్టి చదివి వినిపించాను.

"అబల అంటే ఏందన్నా?" అంది.

"బలం లేని ఆడది."

"కొట్టెయ్. పాదాలు గూడ కొట్టెయ్. పని చేసేటోళ్లం అని రాయి."

కొట్టేసి రాశాను. అప్పటి నుంచి సంఘం రాతకోతలన్నీ నా మెడకు చుట్టుకున్నాయి. జీతం లేదు, చాయ్ మాత్రం ఉంది. లక్ష్మీరాజం అనే నా పేరు పోయి వాళ్లందరికీ రాజన్ననయ్యాను.

ఆమె ఎడపల్లి అవతల ఒక పల్లెలో పుట్టింది. పద్నాలుగేళ్లకే చాట ఒళ్లో పెట్టుకుంది. బియ్యం చెరిగే చాటే అది. అందులో కత్తిరించిన ఆకు, తంబాకు, దారపు ఉండ పెట్టుకుని పొద్దంతా బీడీలు చుడతారు. మాట్లాడుతున్నా, ఏడుస్తున్నా, పిల్లకు పాలిస్తున్నా వేళ్లు ఆగవు. గోదావరి పెనిమిటి రాజలింగు ఫ్యాక్టరీలో బాయిలర్ దగ్గర పని చేసేవాడు, నాకు మంచి దోస్తు, అయినా ఆమెను నేను దూరం నుంచి చూడటమే. ఫ్యాక్టరీ ఆగిపోయాక మగవాళ్లం గేటు ముందు టెంటు వేసుకుని నెలల తరబడి నినాదాలిచ్చాం. అన్నాళ్లూ ఇళ్లలో పొయ్యి వెలిగించింది ఆడవాళ్ల వేళ్లు. ఈ మాట ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. రాజలింగు ఒప్పుకోకుండానే పోయాడు.

సంఘంలో ఆమె పెద్దరికం ఒక్కరోజులో వచ్చింది. అది నేను సంఘాన్ని ఎరగని కాలం, హన్మవ్వ చెప్పగా విన్నాను. హన్మవ్వ ఆమె పక్కింటి మనిషి, ఆమెకంటే అయిదారేళ్లు పెద్ద. కార్ఖానాలో బీడీలు చూసి తీసుకునే చెకర్ ఒకరోజు బాగాలేని బీడీలన్నీ ఒక కుప్ప పోసి, ఇవన్నీ హన్మవ్వవే, రేపటి నుంచి ఆమెకు ఆకు ఇచ్చేది లేదన్నాడు. హన్మవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తూ నిలబడింది. గోదావరి ఆ కుప్ప ముందు కూర్చుంది. ఒక్కొక్క బీడీ తీసి చూస్తూ, ఎవరిది వారి ముందు పెడుతూ పోయింది. "హన్మక్క దారం మూడు సుట్లు తిప్పి కిందికి దోపుతది. ఇది పైకి దోపి ఉన్నది. ఇది ఆమెది కాదు. ఇది గూడ కాదు." చివరికి ఆ కుప్పలో హన్మవ్వవి నాలుగే తేలాయి. మరునాడు చెకర్ హన్మవ్వకు ఆకు ఇచ్చాడు. ఆడవాళ్లందరికీ ఒకరి కట్టు ఒకరికి తెలుసు. మన దస్తూరీ మనం గుర్తుపట్టినట్టే. కానీ దాన్ని అందరి ముందూ పెట్టి కొట్లాడవచ్చని అంతవరకు ఎవరికీ తట్టలేదు. మరుసటి నెల ఆమెను కార్యదర్శిని చేశారు. చదువు రాని కార్యదర్శి ఏమిటని నవ్వినవాళ్లున్నారు. అర్జీలు రాసిపెట్టే మొదట్లో నేనూ నవ్వాను, సిగ్గులేకుండా చెబుతున్నాను.

ఎన్నికలు వచ్చినప్పుడు అభ్యర్థులను పిలిచి అడిగే పద్ధతి కూడా ఆమె పెట్టిందే. అంతకుముందు వాళ్లే మైకులతో వచ్చి, దండాలు పెట్టి, గెలిచాక అయిదేళ్లు మొహం చాటేసేవాళ్లు. గోదావరి కొన్ని కట్టుబాట్లు చేసింది. అభ్యర్థి సంఘం సభకు ఒంటరిగా రావాలి. అందరితోపాటు చాప మీద కూర్చోవాలి. మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. చెప్పింది నేను పుస్తకంలో రాసి చదివి వినిపిస్తే కింద సంతకం చేయాలి. ప్రశ్నలు అడిగే కార్యదర్శి మాత్రం ఏ అభ్యర్థి గురించీ మంచిగానీ చెడుగానీ ఒక్క మాట అనకూడదు. తర్వాత సభ్యులు చేతులెత్తి ఒకరిని ఎంచుకుంటారు. ఎంచుకున్నాక ఇష్టం ఉన్నా లేకున్నా అందరూ ఆ మనిషి కోసమే ఇల్లిల్లూ తిరిగి ఓట్లు అడగాలి. మా వార్డులో సంఘం వాళ్లవి నలభైకి పైగా ఇళ్లు. గెలుపోటములు తేల్చడానికి అవి చాలు. అందుకే పెద్ద పెద్దవాళ్లు కూడా ప్యాంటు మడతలు చూసుకుంటూ ఆ చాప మీద కూర్చునేవాళ్లు.

మొన్నటి మున్సిపల్ ఎన్నికల్లో మా వార్డు నుంచి విష్ణు నిలబడ్డాడు. గోదావరి ఒక్కగానొక్క కొడుకు.

విష్ణు చెడ్డవాడు కాదు. నా ముందు పెరిగిన పిల్లవాడు, డిగ్రీ చదివాడు. అంబేద్కర్ చౌరస్తా దగ్గర ఆన్‌లైన్ సెంటర్ పెట్టుకున్నాడు. నలుగురిలో నవ్వుతూ తిరుగుతాడు. కౌన్సిలర్ కావాలన్నది వాడి కోరికే కాదు, రాజలింగు కోరిక కూడా. పోయే ముందు ఆస్పత్రి మంచం మీద భార్య చెయ్యి పట్టుకుని "పోరన్ని పెద్దోన్ని చెయ్యి" అన్నాడు. అప్పుడు అక్కడ నేనూ ఉన్నాను.

మరి చిక్కు ఎక్కడంటే, హన్మవ్వ దగ్గర. బీడీ పని నుంచి రిటైరైనవాళ్లకు పింఛను వస్తుంది. దానికి ఏడాదికోసారి బతికే ఉన్నామని మెషిన్ మీద వేలు పెట్టి రుజువు చూపాలి. నలభై ఏళ్లు ఆకు రాసుకుని, దారం రాసుకుని ఆ వేళ్ల మీద గీతలు చెరిగిపోయి ఉంటాయి. మెషిన్ పట్టదు. ఓపికగా పది వేళ్లూ మార్చి, తుడిచి, మళ్లీ మళ్లీ పెట్టిస్తే ఎప్పటికో పడుతుంది. లేదంటే వేరే దారిలో దరఖాస్తు పెట్టాలి. హన్మవ్వ విష్ణు సెంటర్‌కు మూడుసార్లు పోయింది. మూడుసార్లూ వాడు "సర్వర్ లేదు పెద్దమ్మా, రేపు రా" అని పంపాడు. గడువు దాటింది. బతికున్న హన్మవ్వ కాగితాల్లో బతికి లేకుండా పోయింది. పింఛను ఆగిన ఏడు నెలలూ ఆమె మళ్లీ చాట పట్టింది, మోతిబిందు కమ్మిన మసక కళ్లతో.

సర్వర్ సంగతి గోదావరికి తెలుసు. ఒకరోజు అన్నం తింటూ వాడే తల్లితో నవ్వుతూ చెప్పాడట. "ముసలిదాని ఏలు పడేదాక కూసుంటే లైన్ల ఉన్నోళ్లంత ఎల్లిపోతరవ్వా." ఆమె కంచం ముందు నుంచి లేచిపోయింది. మరునాడు పిలిచి చేసిపెడతానని వాడు మాటిచ్చాడు. తర్వాత మరిచిపోయాడు. ఇదంతా ఆమె నాకు చాలా రోజుల తర్వాత చెప్పింది.

పోటీలో గట్టిగా ఉన్న రెండో మనిషి సుధారాణి. రిటైరైన నర్సు. వాళ్ల తాతలు కాలువ నీళ్లు చూసుకుని గుంటూరు వైపు నుంచి ఇక్కడికి వచ్చి భూములు కొన్నారు. మూడు తరాలైనా బస్తీలో ఇంకా ఆమెను ఆంధ్రావిడ అనే అంటారు.

సభ ఆదివారం పొద్దున పెట్టారు. నలభై ముగ్గురు ఆడవాళ్లు చాటలు పట్టుకుని వచ్చారు. సభలో కూడా వాళ్ల చేతులు ఆడుతూనే ఉంటాయి. అంతకు రెండు రోజుల ముందే గోదావరి నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది.

"ఈసారి చేతులెత్తుడు వద్దన్నా. నా కొడుకు నిలవడ్డడు. నా ముఖం సూసి ఎత్తుతరు. ఎవల మనసుల ఉన్నది వాళ్లు ఏసుకోవాలె, ఎవలికి తెల్వొద్దు."

"చీటీలు రాయిద్దాం" అన్నాను.

"సగం మందికి రాయ రాదు. నీతోని రాయించుకుంటే ఇగ గుప్తమేముంది?" కాసేపు ఆలోచించింది. "తలా ఒక బీడీ ఏద్దాం. రెండు కుండలు పెడదాం. పర్ద కడదాం."

బాగుందన్నాను. ఇద్దరం మా తెలివికి మేమే మురిసిపోయాం. బీడీ తప్ప చేతికి ఇంకేమీ తోచని ఆడది ఒకతి, బీడీ గురించి ఏమీ తెలియని గుమాస్తా ఒకడు. చేసిన తప్పు ఆ క్షణాన మాలో ఒక్కరికీ తట్టలేదు.

సభలో ముందు సుధారాణి కూర్చుంది. గోదావరి మూడు ప్రశ్నలూ నోటికే చెప్పింది. ఎండకూ వానకూ కూర్చుని పని చేసుకునే షెడ్డు, మురికినీళ్ల మోరీలు, చివరగా అందరూ ఎదురుచూసే మాట: వేలు పడని మనిషికి ఏం చేస్తావ్?

"నాకా మెషిన్ సంగతి తెలీదండి" అంది సుధారాణి. "తెలుసుకుంటాను. మీతోపాటు వచ్చి లైన్లో నిలబడతాను. అంతకుమించి ఇప్పుడేం చెప్పినా అబద్ధమే అవుద్ది."

ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. ఈ మాత్రం దానికి కౌన్సిలర్ ఎందుకన్నట్టు ఎవరో సన్నగా నవ్వారు. ఆమె సంతకం చేసి వెళ్లిపోయింది.

తర్వాత విష్ణు వచ్చాడు. తల్లికి ఎదురుగా చాప మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. షెడ్డు ఆరు నెలల్లో, మోరీలు మూడు నెలల్లో అన్నాడు. వేలు సంగతి అడిగినప్పుడు ఆమె గొంతు కొంచెం తగ్గింది. వాడికి మాత్రం తడబాటు లేదు.

"గది నా చేతిల పనే. ఇప్పటిదాక నా సెంటర్ల ఒక్కల్ని గూడ వాపస్ పంపలే. ఇగ ముందు గూడ పంప."

నేను రాశాను. చదివి వినిపించాను. హన్మవ్వ రెండో వరసలో కూర్చుని ఉంది. తల ఎత్తలేదు, ఒక బీడీ మూతి మడుస్తూ ఉండిపోయింది. గోదావరి కొడుకు వైపే చూస్తోంది. ఇప్పటికైనా ఆ మాట వెనక్కి తీసుకుంటాడేమోనని ఆమె ఎదురుచూసిందని నా నమ్మకం. వాడు పెన్ను అడిగి సంతకం చేసి వెళ్లిపోయాడు. తాను పెట్టిన కట్టుబాటే ఆమె నోటికి అడ్డం పడింది. ఒక్క మాట అనడానికి లేదు. నాకు వాడి మీద అంత కోపం ఎప్పుడూ రాలేదు.

చీర అడ్డం కట్టారు. దాని వెనక రెండు కుండలు. ఎర్ర గుడ్డ కట్టింది విష్ణుది, తెల్ల గుడ్డ కట్టింది సుధారాణిది. ఒక్కొక్కరే తమ చాటలోంచి ఒక బీడీ తీసుకుని లోపలికి పోయి వచ్చారు. చివరగా గోదావరి పోయింది. ఆమె చీర వెనక అందరికంటే ఎక్కువసేపు ఉంది.

ఎర్ర కుండ చాటలోకి ఒంపితే ముప్పై ఆరు. తెల్ల కుండలో ఏడు.

లెక్క పెట్టింది గోదావరే. ముప్పై ఆరూ గబగబా లెక్కపెట్టి, ఏడు బీడీల దగ్గరికి వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది. నేను పుస్తకంలో అంకెలు వేసుకుంటూ ఆ ఆగడం ఎందుకో గ్రహించలేదు. తల ఎత్తేసరికి ముందు వరస వాళ్లంతా మెడలు సాచి చాటలోకి చూస్తున్నారు. ఒక్క బీడీ చుడుతున్న చప్పుడు కూడా లేదు. నలభై ముగ్గురి వేళ్లు ఒక్కసారిగా ఆగడం నేను చూసింది అదే మొదటిసారి.

ఎవరు ఎవరికి వేసిందీ చాటల్లో పరిచినట్టే ఉంది. ప్రతి బీడీకీ ఎవరి కట్టు వాళ్లదే.

హన్మవ్వ లేచి వచ్చింది. ఏడింటిలోంచి ఒకటి తీసింది. కంటికి దగ్గరగా పెట్టుకుంది.

"గోదావరీ, ఇది నీది."

గోదావరి ముప్పై ఆరు బీడీల చాటను దగ్గరికి లాక్కుని, వెతకకుండానే ఒకటి తీసి హన్మవ్వ చేతిలో పెట్టింది.

"మరి ఇది నీది. ఎందుకేసినవక్కా వానికి? నిన్ను మూడుసార్లు వాపస్ పంపినోనికి?"

హన్మవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి. "వానికి ఏసిన్నా? నీకు ఏసిన. ఆనాడు కార్ఖానల నా కోసం కూసున్నవ్ గదా. గది యాది మరుస్తనా నేను?"

"గది నా కొడుక్కు ఇస్తవా?" అంది గోదావరి. "నువ్వే గిట్ల ఏస్తే మిగిలినోళ్లు ఎట్ల ఏసిండ్రో నాకు ఎర్క కాదా? అందరు నా ముఖం సూసే ఏసిండ్రు." నా వైపు తిరిగింది. "రాజన్నా, రాసినవా?"

"రాశాను. ముప్పై ఆరు, ఏడు."

"కొట్టెయ్."

నాకు చిర్రెత్తింది. ఎక్కువ వచ్చినవాళ్లదే గెలుపని పుస్తకంలో ఉంది, మన కట్టుబాటు మనమే తప్పితే ఎలాగన్నాను. నిజం చెప్పాలంటే, నా మనసులో ఉన్నది కట్టుబాటు కాదు, రాజలింగు చివరి మాట. ఆమె నన్ను సూటిగా చూసింది.

"గుప్తం అని జెప్పి ఏయించిన. గుప్తం లేకుండ పోయింది. తప్పు నాది. తప్పుల నుంచి నా కొడుకు గెలిస్తే నేను ఈ చాప మీద ఎట్ల కూసోవాలె?"

కొట్టేశాను. హన్మవ్వ మనవరాలు ఇంట్లోంచి చింతగింజలు తెచ్చింది. చింతగింజకు ఎవరి చేతి గుర్తూ ఉండదు. మళ్లీ మొదలుపెట్టే ముందు హన్మవ్వ నిలబడి, తన వేలు సంగతి మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. కార్యదర్శికే అడ్డు గానీ సభ్యురాలికి అడ్డేముంది? చెప్పినంతసేపూ గోదావరి తల వంచుకుని, తన ఒళ్లోని చాట అంచును గోటితో గీకుతూ కూర్చుంది. ఒక తల్లికి అంతకంటే కష్టమైన ఘడియ ఉంటుందని నేను అనుకోను.

రెండోసారి సుధారాణికి ఇరవై ఏడు, విష్ణుకు పదహారు.

ఆ సాయంత్రమే గోదావరి సుధారాణి కరపత్రాలు చేతపట్టి మొదటి గడప ఎక్కింది. కొడుకు జీపు మైకుతో అదే గల్లీలో ఎదురైంది. మైకు కాసేపు ఆగింది. మళ్లీ మొదలైంది.

మొదటి లెక్కలో తల్లి బీడీ ఏ కుండలో పడిందో వాడికి తెలియకుండా ఉంటుందా? ఆ రాత్రికే తెలిసింది. "బయటోళ్లు ఓడగొడితే ఓర్సుకుందును. సొంత అవ్వ ఓడగొట్టింది" అని చౌరస్తాలో నాతో అన్నాడు. నువ్వు సంతకం పెట్టి అబద్ధం చెప్పావురా అన్నాను. "నువ్వు రాజకీయాల్ల అబద్ధం సూడలేదా రాజన్నా?" అన్నాడు. చూశాను. కానీ ఆ చాప మీద కూర్చుని చెప్పడం మాత్రం చూడలేదు.

విష్ణు యాభై ఎనిమిది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. ఫలితం వచ్చిన వారానికి భార్యను, పాపను తీసుకుని నిజామాబాద్‌లో వినాయక్‌నగర్ దగ్గర ఇల్లు కిరాయికి తీసుకున్నాడు. రోజూ బస్సెక్కి వచ్చి సెంటర్ తెరిచి, సాయంత్రం అటునుంచి అటే పోయేవాడు. తల్లి ఇల్లు సెంటర్‌కు నాలుగు గల్లీల దూరం. అయిదు నెలల్లో ఒక్కసారి కూడా ఆ గల్లీ తొక్కలేదు. గోదావరి మాత్రం రోజూ వాడికీ కలిపి బియ్యం పోసేది. ఎందుకక్కా అంటే, అలవాటన్నా అంది. నా ముందే కళ్లు తుడుచుకుంది. అంతకుముందెప్పుడూ నేను ఆమెను ఏడవగా చూడలేదు.

సుధారాణి గెలిచి అద్భుతాలేమీ చేయలేదు. షెడ్డు ఇంకా రాలేదు. మోరీలు సగం అయ్యాయి. లైన్లో మాత్రం వచ్చి నిలబడుతోంది, చెప్పినట్టే. హన్మవ్వకు దరఖాస్తు పెట్టించి, నాలుగుసార్లు నిజామాబాద్ తిప్పి పింఛను మళ్లీ పడేలా చేసింది. మరుసటి ఏడాది రుజువు మాత్రం మళ్లీ మెషిన్ మీదే చూపాలన్నారు.

మొదటి వానలు పడ్డ రోజుల్లో ఆ రుజువుకు వేళయింది. గోదావరికీ ఆ ఏడే పింఛను మొదలైంది కాబట్టి ఆమెకూ కావాలి. బోధన్‌లో ఆన్‌లైన్ సెంటర్లు చాలా ఉన్నాయి. "ఎక్కడికి పోదాం?" అన్నాను, కాగితాలు పట్టుకుని. ఆమె చౌరస్తా వైపు నడిచింది. వెనక హన్మవ్వ, ఆ వెనక నేను.

సెంటర్‌లో పదిమంది దాకా ఉన్నారు. విష్ణు తల ఎత్తి చూశాడు. తల్లిని చూసి మళ్లీ తెర వైపు తిరిగాడు. మా వంతు వచ్చేదాకా నిలబడ్డాం. వంతు వచ్చాక గోదావరి కుర్చీలో కూర్చుని కుడి బొటనవేలు మెషిన్ మీద పెట్టింది.

పడలేదు.

చూపుడువేలు. పడలేదు. వాడు గుడ్డ తీసి ఆమె వేలు తుడిచాడు. మళ్లీ పెట్టాడు. పడలేదు. మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు. ఎడమ చేతికి మారాడు. ఆరో వేలు దగ్గర వాడు ఆ చేతిని వదలకుండా వెలుతురు వైపు తిప్పి చూశాడు. వేలి కొసలు అద్దంలా నున్నగా ఉన్నాయి. ఒక్క గీత లేదు. ఆ వేళ్లే తనను చదివించాయని వాడికి ఇంతకుముందు తెలియదని కాదు. చూడలేదు, అంతే.

"అవ్వా" అన్నాడు. అయిదు నెలల తర్వాత మొదటి మాట. "సర్వర్ మంచిగనే ఉన్నది. నీ ఏలే పడ్తలేదు."

"ఎర్కేరా" అంది.

వాడు లేచి బయట లైన్లో ఉన్నవాళ్లకు ఆలస్యమవుతుందని చెప్పి వచ్చాడు. తడిగుడ్డ తెచ్చాడు. కుర్చీ దగ్గరికి జరుపుకుని మళ్లీ ఆమె చెయ్యి అందుకోబోయాడు. గోదావరి చెయ్యి వెనక్కి తీసుకుని లేచి నిలబడింది. వెనకున్న హన్మవ్వ భుజం పట్టి ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.

"ముందు ఈమెది చెయ్యి" అంది.